ఒక్క తప్పుకు ఎంత కట్టాలి? షటిల్ సింగిల్స్‌లో 15, 21, మళ్లీ 15

షటిల్‌లో స్కోరు పద్ధతి మారుతుందంటే మా విజయవాడ హాల్లో పొద్దున్నే ఆడేవాళ్లలో సగం మందికి పట్టదు. వాళ్లు ఆడేది డబుల్స్, బయట బెంచీ మీద ఇంకో నలుగురు లేసులు కట్టుకుని కాచుకుని ఉంటారు, స్లాట్ చూస్తే గంటే, అందుకని ఎప్పట్నుంచో 15కే ఆడేస్తున్నారు. 2025లో ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య కూడా 15 పాయింట్ల గేమును కొన్ని టోర్నమెంట్లలో ఆడించి చూస్తోందని చెబితే, రిటైరైన పెద్దాయన ఒకాయన టవల్‌తో మొహం తుడుచుకుంటూ "మనల్ని చూసే నేర్చుకుని ఉంటార్లేవయ్యా" అన్నారు. ఇంకొకాయన ఫెదర్ కాక్‌ల ఖర్చు కలిసొస్తుందని లెక్క వేశాడు, ఈ మధ్య డబ్బా రేటు చూస్తుంటే ఆయన్నీ తప్పుపట్టలేం.

కానీ సింగిల్స్ సంగతి వేరు. కోర్టంతా ఒక్కడే పరిగెత్తాలి, తప్పు చేస్తే పార్ట్‌నర్ మీద నెట్టడానికి ఉండదు. 21ని 15 చేస్తే గేములో ఆరు పాయింట్లు తగ్గాయి, మ్యాచ్ త్వరగా అయిపోతుంది, అంతేగా అంటారు. నాకు అంతేలా అనిపించదు. నేను ప్రతి స్కోరు పద్ధతినీ ఒకే ప్రశ్నతో చూస్తాను: ఇందులో ఒక్క తప్పు చేస్తే ఎంత కట్టాలి? నేను ఆట మొదలుపెట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా ఆ రేటు పెరగడమే తప్ప తగ్గింది లేదు.

పాత పద్ధతి చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు గానీ ఇప్పటి పిల్లలకు అది వింతగా ఉంటుంది. నేను నేర్చుకుంది 90ల్లో గుంటూరులో, చలికాలం వీధిలో సున్నంతో గీతలు గీసి, ఎవరింట్లోంచో వైరు లాగి బల్బు కట్టి ఆడిన ఆట. మూడు గేముల్లో రెండు గెలిచినవాడిదే మ్యాచ్, గేముకు మగవాళ్ల సింగిల్స్ అయితే 15 పాయింట్లు, ఆడవాళ్ల సింగిల్స్ అయితే 11. సర్వీస్ చేసేవాడికే పాయింటు వస్తుంది. సర్వీస్ చేస్తున్నవాడు ర్యాలీ (సర్వీస్ నుంచి కాక్ ఆగేదాకా సాగే ఆట) ఓడితే "సర్వీస్ ఓవర్", స్కోరు ఎక్కడిదక్కడే, కాక్ మాత్రం అవతలికి పోతుంది. మా అక్క కూతురు గుంటూరులో జిల్లా స్థాయి ఆడుతుంది, దానికి ఇది చెబితే "అయితే మామయ్యా, సర్వీస్ చేసేవాడు కాక్‌ని నెట్‌లో కొట్టినా ఏమీ కాదా?" అని అడిగింది. పాయింటు పోదమ్మా. అవకాశం పోతుంది, అంతే.

దీనివల్ల ఆటలో ఒక ఊపు ఉండేది. సర్వీస్ మన చేతిలో ఉంటే తెగించి కొట్టొచ్చు, లైన్ మీదకి స్మాష్ వెయ్యొచ్చు, బయటికి పోతే పోయింది, స్కోరు తగ్గదు, అవతలివాడికీ పెరగదు. సర్వీస్ అవతలివాడి చేతిలో ఉన్నప్పుడు మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకుని, బేస్‌లైన్‌కి లేపి లేపి కొట్టి, ముందు సర్వీస్ లాక్కోవాలి. ఒకే గేములో ఒకే ఆటగాడు రెండు రకాలుగా ఆడేవాడు. ప్రతి ర్యాలీకీ పాయింటు ఇచ్చే ఇప్పటి పద్ధతికి అలవాటుపడ్డ కళ్లకు ఆ తేడా కనబడదు.

ఆ పద్ధతిలో లెక్క కూడా సరదాగా ఉంటుంది. సరిసమానమైన ఇద్దరు ఆడుతున్నారు, ప్రతి ర్యాలీ సగం సగం అవకాశం అనుకోండి. సర్వీస్ చేతిలో ఉన్నవాడికి తర్వాతి పాయింటు వచ్చే అవకాశం సగం కాదు, మూడింట రెండు వంతులు. ఎందుకంటే అతను ఈ ర్యాలీ ఓడినా అవతలివాడు పాయింటు కొట్టాలంటే ఇంకో ర్యాలీ గెలవాలి, ఈలోగా సర్వీస్ మళ్లీ లాక్కోవచ్చు. పాయింటు గెలిచినవాడి చేతిలోనే సర్వీస్ ఉంటుంది కాబట్టి పాయింట్లు గుంపులుగా వచ్చేవి, వరసగా ఆరు, ఏడు పడేవి, తర్వాత చాలాసేపు ఒక్కటీ పడేది కాదు. 1980లో ఆల్ ఇంగ్లండ్ అనే పేరున్న పాత టోర్నమెంటు ఫైనల్లో ప్రకాశ్ పదుకొనె ఇండోనేషియా ఆటగాడు లియెమ్ స్వీ కింగ్‌ని 15-3, 15-10తో ఓడించాడని చదువుతాం. ఆ 15-3 వెనకాల ఎన్ని ర్యాలీలు జరిగాయో ఆ అంకె చూసి చెప్పలేం. 21-7 అంటే మాత్రం జరిగినవి 28 ర్యాలీలు, ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు.

గోపీచంద్‌ది ఇంకా చక్కటి ఉదాహరణ. అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టిన మనిషి, 2001 మార్చిలో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు, ఫైనల్లో చెన్ హాంగ్ మీద 15-12, 15-6. అందరూ ఫైనల్ గురించే మాట్లాడతారు గానీ నన్నడిగితే టైటిల్ సెమీస్‌లోనే గెలిచాడు, అప్పటి ప్రపంచ నంబర్ వన్ పీటర్ గేడ్ మీద 17-14, 17-15. ఆ 17 ఏంటంటారా? స్కోరు 14-ఆల్ (ఇద్దరికీ 14) అయితే ముందుగా 14కి చేరినవాడు గేమును 15 దగ్గరే ముగించాలో, 17 దాకా సెట్ చేయాలో తేల్చుకునేవాడు. అంటే రెండు గేముల్లోనూ స్కోరు 14-ఆల్ దాకా వెళ్లింది, రెండుసార్లూ ఆట 17 దాకా సాగింది, మొదటి గేములో 14-ఆల్ తర్వాత గేడ్‌కి ఒక్క పాయింటూ ఇవ్వకుండా వరసగా మూడు కొట్టాడు. పాయింటు కావాలంటే సర్వీస్ ఉండాలన్న రూలు మధ్యన ఆ మూడు పాయింట్లు ఎంత ఓపికతో వచ్చి ఉంటాయో ఆడినవాళ్లకు తెలుస్తుంది.

ఇంతా చేసి ఆ పద్ధతికి పెద్ద జబ్బు ఒకటుంది. మ్యాచ్ ఎప్పుడు అయిపోతుందో దేవుడికి కూడా తెలియదు. ఇద్దరూ గట్టి డిఫెన్స్ ఆడేవాళ్లయితే లవ్ ఆల్ (సున్నా-సున్నా) దగ్గరే కాసేపు సర్వీసులు మారుతూ ఉండేవి. టీవీవాడికి స్లాట్ ఇవ్వడం కష్టం, కొత్తగా చూసేవాడికి ర్యాలీ గెలిచినా స్కోరు ఎందుకు మారలేదో అర్థం కాదు. అప్పుడు 2001లో సమాఖ్య ఒక ప్రయోగం చేసింది: ఏడేసి పాయింట్ల గేములు ఐదు, పాయింటు మాత్రం సర్వీస్ చేసేవాడికే. 2002లోనే దాన్ని చుట్టేసి పక్కన పెట్టారు. ఎందుకు నిలబడలేదో పై లెక్కతోనే కొంత అర్థమవుతుంది. మూడింట రెండు వంతుల అవకాశాన్ని ఏడుసార్లు గుణించండి, సరిసమానమైన ఇద్దరు ఆడినా మొదట సర్వీస్ చేసినవాడు 7-0తో గేము లాగేసే అవకాశం దాదాపు పదిహేడింట ఒకటి. ఇంత పొట్టి గేముకు సర్వీస్ రూలు పొసగదు. టాస్ గెలిచినవాడు మురిసిపోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

2006లో వచ్చింది అసలు మార్పు. 21 పాయింట్లు, మూడు గేములు, ర్యాలీ ఎవరు గెలిస్తే పాయింటు వాళ్లదే. 20-ఆల్ అయితే రెండు పాయింట్ల తేడా రావాలి, 29-ఆల్ దాకా వెళితే తర్వాతి పాయింటుతో అయిపోయినట్టే. అంటే ఒక గేములో ఎంత సాగదీసినా 59 ర్యాలీలు, అంతకు మించదు. మ్యాచ్‌కి మొదటిసారి పైకప్పు వేశారు. వాలీబాల్ 90ల చివర్లోనే ర్యాలీ పాయింట్లకు మారిపోయింది, టేబుల్ టెన్నిస్ 2001లో 21 నుంచి 11కి దిగింది, కాబట్టి షటిల్ ఈ దారి పట్టడం వింతేమీ కాదు.

మగవాళ్లకూ ఆడవాళ్లకూ ఒకే స్కోరు అయింది కూడా అప్పుడే. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ మన దేశం వరకు చూస్తే ఇదే పెద్ద విషయమని నాకనిపిస్తుంది. 11 పాయింట్ల ఆడవాళ్ల సింగిల్స్ పోయి మగవాళ్లతో సమానంగా 21 ఆడాల్సి వచ్చేసరికి కాళ్లలో సత్తా ఉన్నవాళ్లకు, మూడో గేము దాకా స్మాష్‌లో వేగం తగ్గనివాళ్లకు విలువ పెరిగింది. సైనా తొలి పెద్ద టైటిల్, ఫిలిప్పీన్స్ ఓపెన్, గెలిచింది ఆ 2006లోనే. సింధు అయితే దాదాపుగా 21 పద్ధతిలోనే పెరిగింది. 2017 గ్లాస్గో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో జపాన్ అమ్మాయి ఒకుహరతో 110 నిమిషాలు ఆడి 19-21, 22-20, 20-22తో ఓడిపోయింది. మ్యాచ్‌లు పొట్టిగా అవుతాయని తెచ్చిన పద్ధతిలో గంటా యాభై నిమిషాల ఆట! పాయింట్ల సంఖ్యకు పైకప్పు వేశారు గానీ ఒక్కో ర్యాలీకి వేయలేకపోయారు. ప్రతి ర్యాలీకీ పాయింటు ఉన్నప్పుడు ఎవరు మాత్రం తొందరపడతారు? కాక్‌ని కోర్టులో ఉంచితే చాలు అన్న ఆలోచన బలపడింది, ర్యాలీలు సాగాయి.

మన చేతన్ ఆనంద్ రెండు పద్ధతుల్లోనూ ఆడినవాడు. విజయవాడలో పుట్టి, నాలుగుసార్లు జాతీయ ఛాంపియన్ అయ్యాడు, వాటిలో మొదటిది పాత లెక్కలో, మిగతావి కొత్త లెక్కలో. రెండిటికీ సరిపోయే ఆట చాలా కొద్దిమందికి ఉంటుంది. నెట్ దగ్గర చేతివాటం ఉండి, అవతలివాణ్ని మోసం చేసి పాయింటు తీసేవాడికి ఏ లెక్కైనా ఒకటే.

ఇక తప్పు రేటు విషయానికొస్తే, 2006లో అది ఒక్కసారిగా మారింది. సర్వీస్ చేస్తూ తప్పు చేస్తే పాత పద్ధతిలో పాయింటు నష్టం సున్నా, ఇప్పుడు పూర్తి పాయింటు. సర్వీస్ నెట్‌కు తగిలితే అవతలివాడికి ఉచితంగా ఒకటి. ఆ తెగింపు, జాగ్రత్త అని చెప్పిన రెండు రకాల ఆట కలిసిపోయి ఒకటే రకం అయింది, ఎప్పుడూ జాగ్రత్త. దానికి తోడు షటిల్‌లో సర్వీస్ నేల నుంచి 1.15 మీటర్ల ఎత్తు లోపే చేయాలి (2018 దాకా నడుము కింద నుంచి) కాబట్టి అది ఆయుధం కాదు, సింగిల్స్‌లో అయితే దాడికి మొదటి అవకాశం తరచుగా ఆ సర్వీస్ అందుకునేవాడిదే. పాయింటు గెలిచినవాడే తర్వాత సర్వీస్ చేయాలి. అంటే ముందంజలో ఉన్నవాడికి ప్రతిసారీ కాస్త ఇబ్బందైన పని అప్పగిస్తారు. పాత పద్ధతిలో సర్వీస్ అంటే వరం, కొత్త పద్ధతిలో చిన్న భారం. స్కోర్లు 18-17, 19-18 అంటూ అంటిపెట్టుకుని నడవడానికి ఇదో కారణం అని నా నమ్మకం.

ఇంటర్వెల్ గురించి కూడా ఒక మాట. పాత పద్ధతిలో గేము మధ్యలో విరామం లేదు, రెండో గేముకూ మూడో గేముకూ మధ్య మాత్రం ఐదు నిమిషాలు ఇచ్చేవాళ్లు. 21 వచ్చాక ఎవరైనా 11కి చేరగానే 60 సెకన్లు ఆగుతారు, గేముల మధ్య రెండు నిమిషాలు. ఆ 60 సెకన్లలో కోచ్ చెప్పిన మాటతో ఆట తిరిగిపోయిన మ్యాచ్‌లు మనం బోలెడు చూశాం. 15 పద్ధతిలో అది 8 దగ్గర వస్తుంది. 8 అంటే అసలు అవతలివాడు ఇవాళ ఎలా ఆడుతున్నాడో అర్థమయ్యేలోపే.

ఇప్పుడు 15 దగ్గరికి వద్దాం. అంతకుముందు ఇంకో ప్రయత్నం జరిగింది, 11 పాయింట్ల గేములు ఐదు అని. 2018లో ఓటింగ్‌కి పెడితే వీగిపోయింది. 2021 మేలో మళ్లీ పెట్టారు. రూలు మారాలంటే మూడింట రెండు వంతుల ఓట్లు రావాలి, పడిన 282 ఓట్లలో అనుకూలంగా వచ్చింది 66.31 శాతం. కావాల్సింది 66.67. లెక్క వేసుకోండి, 188 రావాలి, 187 వచ్చాయి. ఒక్క ఓటు! మన పంచాయతీ ఎన్నికల్లో ఇలా జరిగితే రీకౌంటింగ్ అని ఊరంతా టెంటు వేసుకుని కూర్చునేవాళ్లు. ఆ ఒక్క ఓటు అటు పడి ఉంటే ఈ 15 చర్చే వచ్చేది కాదు, ఈపాటికి అందరం 11 గురించి తిట్టుకుంటూ ఉండేవాళ్లం.

15 పద్ధతి రూలు సులువే. మూడు గేములు, ఒక్కోటి 15, 14-ఆల్ అయితే రెండు పాయింట్ల తేడా కావాలి, ఎంత సాగినా 21 దగ్గర ఆగిపోతుంది. రెండు గేముల్లో మ్యాచ్ గెలవడానికి 21 పద్ధతిలో 42 పాయింట్లు కొట్టాలి, 15 పద్ధతిలో 30 చాలు. ఒక తప్పు అంటే 21లో గేములో ఇరవై ఒకటో వంతు, 15లో పదిహేనో వంతు. రేటు సరిగ్గా 40 శాతం పెరిగినట్టు.

"అయితే బలహీనుడు బలవంతుణ్ని ఓడించేస్తాడు, ఆట లాటరీ అయిపోతుంది" అని వాట్సాప్ గ్రూపుల్లో ఏడుస్తుంటారు. కూర్చుని లెక్క చేశాను. ఒకడు ప్రతి వంద ర్యాలీల్లో 55 గెలిచేంత మెరుగైనవాడు అనుకుందాం, ప్రతి ర్యాలీ దేనికదే వేరు అనుకుందాం. 21 పద్ధతిలో అతను మ్యాచ్ గెలిచే అవకాశం సుమారు నూటికి 84. 15 పద్ధతిలో సుమారు 80. అంతే తేడా. లాటరీ ఏమీ కాదు. తప్పు రేటు పెరిగేది ఇద్దరికీ కదా, అవతలివాడు కూడా అంతే కడతాడు.

మరి ఇబ్బంది ఎవరికి? నెమ్మదిగా వేడెక్కేవాళ్లకి. కొందరుంటారు, మొదటి ఆరేడు పాయింట్లు ఊరికే కాక్ ఎటు డ్రిఫ్ట్ అవుతోంది, హాల్లో ఏసీ గాలి ఏ వైపు, అవతలివాడి బ్యాక్‌హ్యాండ్ ఇవాళ ఎలా ఉంది అని చూసుకుంటూ ఆడతారు. 21లో 3-7 అయినా కంగారు పడక్కర్లేదు, ముందు చాలా ఆట ఉంది. 15లో 3-7 అంటే సగం ఇల్లు కాలిపోయినట్టే. నా లెక్కలో ప్రతి ర్యాలీ సమానం అనుకున్నాను, కానీ మనుషులు అలా ఆడరు, అక్కడే అసలు తేడా దాక్కుని ఉంది.

రియో ఒలింపిక్స్ ఫైనల్ గుర్తుందిగా, 2016. మొదటి గేములో సింధు 16-19తో వెనకబడి, అక్కడి నుంచి వరసగా ఐదు పాయింట్లు కొట్టి స్పెయిన్ అమ్మాయి మారిన్ మీద 21-19తో గేము గెలిచింది. ఆ రోజు బెంజి సర్కిల్ నుంచి బీసెంట్ రోడ్డు దాకా ఏ షాపులో చూసినా టీవీల ముందు జనమే. 15 పద్ధతిలో ఆ ఐదు పాయింట్లకు చోటే లేదు. 16-19 అంటే మూడు పాయింట్ల తేడా, 15 దాటాక ఎవరో ఒకరు రెండు పాయింట్ల ముందంజ ఎప్పుడో తీసేసుకుని ఉంటారు, గేము అప్పటికే అయిపోయి ఉండేది. తర్వాత రెండు గేములూ 12-21, 15-21తో పోయి వెండి వచ్చిందనుకోండి, కానీ ఆ ఐదు పాయింట్లు చూసినవాడెవడూ మర్చిపోడు.

దీనికి ఎదురు ఉదాహరణ మన గుంటూరు కుర్రాడే. 2021 హుయెల్వా ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో శ్రీకాంత్ మొదటి గేములో 9-3తో ముందున్నాడు. చివరికి లోహ్ కియన్ యూ చేతిలో 15-21, 20-22. 15 గేములో 9-3 అంటే ఇంకా ఆరు కొడితే చాలు. 2024 పారిస్ ఒలింపిక్స్ సెమీస్‌లో లక్ష్య సేన్ డెన్మార్క్ ఆటగాడు అక్సెల్సెన్ మీద మొదటి గేములో 20-17, రెండో గేములో 7-0తో ఉండి కూడా 20-22, 14-21తో ఓడాడు. 15లో 7-0 అంటే దాదాపు సగం దూరం వచ్చేసినట్టు. అంటే ఒక్క సింధు ఐదు పాయింట్లు చూపించి 21 గొప్పదంటే కుదరదు, ఇటు శ్రీకాంత్, లక్ష్య కూడా ఉన్నారు.

అయినా ఇలాంటి "అప్పుడు అలా అయ్యుంటే" లెక్కలకు విలువ తక్కువే. గీత ఎక్కడుందో తెలిస్తే ఆటగాడు దానికి తగ్గట్టే శ్వాస ఖర్చుపెడతాడు. 9-3 దగ్గర లోహ్‌కి ఇంకా చాలా సమయం ఉందని తెలుసు కాబట్టి అలా ఆడాడు. 15 అయితే ఆ మొదటి మూడు పాయింట్లే వేరేగా ఆడేవాడు. స్కోరు పద్ధతి మార్చడమంటే పాత మ్యాచ్‌ని మధ్యలో కోసేయడం అనుకుంటే పొరపాటే, మొదటి సర్వీస్ నుంచే అది వేరే మ్యాచ్.

కోసినా కోయకపోయినా మారనిది ఒకటుంది, గేము పోతే గేమే పోతుంది. రియోలోనే శ్రీకాంత్ క్వార్టర్స్‌లో లిన్ డాన్ మీద మొదటి గేము 6-21తో పోగొట్టుకుని, రెండోది 21-11తో గెలిచి, మూడోది 18-21 దాకా లాగాడు. 2022లో మగవాళ్ల జట్ల పోటీ థామస్ కప్ ఫైనల్లో లక్ష్య కూడా ఇండోనేషియా ఆటగాడు గింటింగ్ మీద 8-21తో మొదలుపెట్టి తర్వాత రెండు గేములూ లాక్కున్నాడు. 6-21 అయినా 19-21 అయినా పోయేది ఒక్క గేమే, స్లేటు తుడిచేసి మళ్లీ మొదలు. 15లో కూడా ఈ స్లేటు ఉంటుంది. అందుకే 11 పాయింట్ల గేములు ఐదు కన్నా 15 గేములు మూడు నయం అంటాను, గేముకు గేము అన్న బరువు ఇందులో కొంతైనా మిగులుతుంది. అయిదు గేముల్లో ఒక గేము ఓడితే ఎవడికీ చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

2025 అక్టోబరులో గువాహటిలో జరిగిన ప్రపంచ జూనియర్ ఛాంపియన్‌షిప్‌లో సింగిల్స్ 15 పద్ధతిలోనే ఆడించారు. మన తన్వి శర్మ ఫైనల్ దాకా వెళ్లి థాయ్‌లాండ్ అమ్మాయి చేతిలో 7-15, 12-15తో ఓడి వెండి తెచ్చుకుంది. ఆ మ్యాచ్ ఫోన్‌లో చూస్తున్నంతసేపూ నాకు ఒకటే అనిపించింది, ఏం జరుగుతోందో పట్టుబడేలోపే మొదటి గేము అయిపోయింది. చూసేవాడికే అలా ఉంటే ఆడే పిల్లకు ఎలా ఉంటుంది? అయితే ఇంకోవైపు చూడండి, ఈ వయసు పిల్లలు 15లోనే పెరిగితే వాళ్లకు అదే మామూలు. మాకు సర్వీస్ ఓవర్ మామూలు అయినట్టు.

గుంటూరులో మా మేనకోడలికి నేర్పే మాస్టారితో ఈ విషయం మాట్లాడాను. ఆయన పెద్ద మాటలు మాట్లాడే మనిషి కాదు. "ఏముందన్నా, లోకల్ ఓపెన్ టోర్నమెంట్లలో ఎంట్రీలు ఎక్కువైతే మొదటి రౌండ్లు ఎప్పుడూ కుదించే ఆడిస్తారు, ఒకటే గేము 30 అంటారు, లేదంటే 15 మూడు అంటారు. మన పిల్లలకు కొత్తేం కాదు. కానీ వార్మప్ సరిగ్గా చెయ్యని పిల్లల పని అయిపోయినట్టే" అన్నాడు. ఈ వార్మప్ మాట నాకు చాలా నచ్చింది. ఇప్పుడు మన పిల్లలు చాలామంది మొదటి అయిదారు పాయింట్లనే వార్మప్‌గా వాడుకుంటారు. మ్యాచ్ పిలిచేదాకా మెట్ల మీద కూర్చుని ఫోన్ చూసుకోవడం, పిలవగానే లేచి నాలుగు టాస్‌లు కొట్టి సర్వీస్ చేయడం. 15లో ఆ సోమరితనానికి చోటు లేదు. చెమట పట్టిన ఒంటితో కోర్టులోకి రావాలి, మన ఊళ్లలో మే నెలలో చెమట పట్టించుకోవడం ఏమంత కష్టం కాదులెండి.

మే నెల అన్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. మన దగ్గర చాలా హాళ్లకు ఏసీ లేదు, కాక్ కదులుతుందని ఫ్యాన్లు ఆపేస్తారు, పైన రేకులు. మధ్యాహ్నం పూట మూడో గేము 21 దాకా ఆడిన పద్నాలుగేళ్ల పిల్లని చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. రోజుకి రెండు మూడు మ్యాచ్‌లు పెడతారు పైగా. ఆ పిల్లల తల్లుల్ని అడగండి, 15 ఎప్పుడొస్తుందా అంటారు. టీవీ కోసం, స్పాన్సర్ల కోసం పద్ధతి మారుస్తున్నారని విసుక్కునేవాళ్లలో నేనూ ఒకణ్ని, కానీ ఈ ఒక్క విషయంలో నా నోరు పెగలదు. పెద్ద ఆటగాళ్లకు ఏడాది పొడవునా టోర్నమెంట్లే, మోకాళ్లు, మడమలు ఏమవుతాయి? 42 పాయింట్లు 30 అయితే ఆ మేరకు ఎగిరి దూకడాలు, కాలు ముందుకు చాపి వంగడాలు తగ్గుతాయి. కాకపోతే తగ్గిన సమయంలో ఇంకో టోర్నమెంటు ఇరికించరని గ్యారంటీ ఏమీ లేదు, ఇరికిస్తారనే నా అనుమానం.

నష్టపోయే ఆట ఏదంటే, అవతలివాణ్ని కరిగించే ఆట. మొదటి గేము ఓడినా ఫర్వాలేదు, ప్రతి ర్యాలీనీ సాగదీసి, నాలుగు మూలలకూ తిప్పి తిప్పి, రెండో గేము సగానికి కాళ్లు లాగేసి, మూడోది ఊరికే తీసుకునే రకం. పాత 15లో అదే రాజమార్గం, 21లోనూ బతికింది, ఒకుహర ఆట చాలావరకు అదే కదా. కొత్త 15లో అవతలివాడు అలిసేలోపే బోర్డు మీద గేము ముగిసి ఉంటుంది. స్మాషర్‌కి పండగ, గట్టిగా మొదలుపెట్టేవాడికి పండగ. డిఫెన్స్ నమ్ముకున్న పిల్లలకు కోచ్‌లు ఇప్పట్నుంచే ఒకటో రెండో దాడి షాట్లు నేర్పకపోతే కష్టం.

ఉత్కంఠ తగ్గుతుందన్న మాట మాత్రం నిజం కాదు. సరిసమానమైన ఇద్దరు ఆడితే 21 గేము 20-ఆల్ దాకా వెళ్లే అవకాశం సుమారు ఎనిమిదింట ఒకటి, 15 గేము 14-ఆల్ దాకా వెళ్లేది సుమారు ఏడింట ఒకటి. గేము పొట్టిదైతే డ్యూస్‌లు, అంటే చివర్లో ఇలా సమం కావడాలు, కొంచెం ఎక్కువే అవుతాయి. దీన్ని పట్టుకుని మాస్టారు ఇప్పటికే పని మొదలుపెట్టాడు. పిల్లలకు ప్రాక్టీస్ గేములు సున్నా నుంచి ఆడించడం తగ్గించి 11-11 నుంచి మొదలుపెడుతున్నాడు, ఓడినవాళ్లు కోర్టు చుట్టూ రౌండ్లు కొట్టాలి. మా మేనకోడలు మొదటి వారమంతా రౌండ్లే కొట్టిందట, ఫోన్ చేసి "మామయ్యా, ఈ రూలు ఎవరు కనిపెట్టారో చెప్పు, నేను మాట్లాడాలి" అంటోంది.